నిండు సభలో దిష్టి తీశాను

ముందే చెబుతున్నాను, ఇది ఘోరం. ఒక కొత్త దేశాన్ని, దాని కొత్త పార్లమెంటును, అందులో కూర్చున్న పెద్దమనుషులందరినీ పట్టపగలు వణికించిన ఘోరం. ఆ పని చేసింది శత్రువులు కాదు, తుఫాను కాదు. దుబాయ్‌లో, అల్ కుసైస్‌లో, ఒక పాత బిల్డింగు నాలుగో అంతస్తులో, చంకలో బిడ్డతో, గుప్పిట్లో ఉప్పుతో నిలబడిన నేను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లోంచి కదలకుండానే రచ్చ చేశాను.

పాప నిద్రపోయింది. మా ఆయన గురక పెడుతున్నాడు. గదిలో లైటు వేసుకునే రాస్తున్నాను. లైటు ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఆ దేశం పేరు చెప్పను. చెప్పనని కంపెనీకి మాటిచ్చాను. సముద్రం మధ్య నాలుగు దీవుల దేశమనుకోండి. కొత్తగా రాజ్యాంగం రాసుకుని, కొత్తగా ఎన్నికలు పెట్టుకుని, ఒక పాత జైలుకు సున్నం కొట్టించి పార్లమెంటు అని బోర్డు పెట్టుకుంది. సభ్యులందరూ ఇంగ్లీషే మాట్లాడేవారు గానీ, ఒక్కో దీవిది ఒక్కో యాస. ఈ దీవివాళ్ళు మాట్లాడితే ఆ దీవివాళ్ళు గుడ్లప్పగించేవారు. అందుకని దుబాయ్‌లోని మా కంపెనీకి పని ఒప్పజెప్పారు. ఆ పని నాది. సభలో ఎవరు ఏమన్నా, ఒక ఊపిరి వెనకగా, అదే మాట విడమరిచి, మెత్తగా, నేను మైకులో మళ్ళీ చెప్పాలి. అది ప్రతి సభ్యుడి చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లోకి వెళ్తుంది. మాట్లాడేది ఎవరో ముందు ప్రకటించాలి. ఆ తర్వాత వాళ్ళు "నేను" అంటే నేనూ "నేను" అనాలి. సొంత మాట ఒక్కటి కలపకూడదు.

జగిత్యాలలో నా పొలిటికల్ సైన్స్ డిగ్రీని చూసి "ఇది దేనికి పనికొస్తది బిడ్డా?" అన్నవాళ్ళకు ఇన్నాళ్ళకు జవాబు దొరికిందని నేను పొంగిపోయాను. మా ఆయన శీను మాత్రం దానికి చిలక పని అని పేరు పెట్టాడు.

"చిలకకైతే జామకాయ పెడ్తరు. నీకేం పెడ్తున్నరే?"

"నవ్వకుర్రి. పార్లమెంటు అది. మంత్రులు మాట్లాడ్తరు."

"మంత్రులు మాట్లాడినంక నువ్వెందుకు మాట్లాడుడు?"

నవ్వేవాడే గానీ, ఆ పని మీదే మా ముగ్గురి బతుకూ వేలాడుతోందని ఆయనకూ తెలుసు. కోవిడ్ దెబ్బకు వాళ్ళ కంపెనీ ఫ్యామిలీలకిచ్చే ఇళ్ళు ఎత్తేసింది. నాది ఇంకా ట్రయల్ మీద ఉద్యోగం. అది పక్కా అయితే ముగ్గురం ఈ గదిలోనే ఉంటాం. కాకపోతే నేనూ పాపా జగిత్యాలకు, ఆయన అబుదాబి దగ్గర ముసఫ్ఫా లేబర్ క్యాంపులో, రెండంతస్తుల మంచం పై బంకుకు. పాప అప్పుడప్పుడే "నాన్న" అనడం మొదలుపెట్టింది. ఫోనులోని బొమ్మను చూసి నాన్న అని పిలిచే పిల్లలను మా వైపు ఇంటికొకరిని చూశాను. నా పాప అలా పిలవకూడదు. నా భయమంతా అదే. నాకు భయపడటంలో డిగ్రీ ఇస్తే గోల్డ్ మెడలే వచ్చేది.

ఇక ఆ సభ సంగతి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త పార్లమెంటు అసలే ఎరగదు. వాళ్ళ సభా నిబంధనలు ఏదో చలిదేశం నుంచి దించుకున్నారట. అందులో "మంచు కురిసిన రోజున సభ వాయిదా" అని ఒక అంశం ఉండిపోయింది. ఎండకు రోడ్లు కరిగే దేశం అది. ఆ అంశం తీసెయ్యాలని ఒకరు, "తీసేశాక కురిస్తే?" అని ఇంకొకరు, పూటంతా వాదించుకున్నారు. గంట ఇంకా తయారుకాలేదని, సభాపతి తన పాత బడి గంటనే తెచ్చుకుని కొట్టేవారు. ఆవిడ రిటైరైన టీచరమ్మ. మంత్రులను కూడా "కూర్చో బాబూ" అనేవారు. నేనూ వాళ్ళ చెవుల్లో మెత్తగా "కూర్చో బాబూ" అనేదాన్ని. ఏ దేశపు మంత్రినైనా చెవిలో కూర్చో బాబూ అన్నారా మీరెప్పుడైనా? ఆ సుఖమే వేరు.

అందరిలో నాకిష్టమైనవాడు దూరపు దీవుల నుంచి ఎన్నికైనాయన. సభలో ఆయనను దీవుల సభ్యుడనే అనేవారు. ముసలాయన. చెవుడు. ఆయన బల్ల మీది ఇయర్‌ఫోను మిషను ఎప్పుడూ ఫుల్ సౌండులో ఉండేది, పక్కవాళ్ళకు కూడా నా గొంతు వినిపించేంతగా. మాట్లాడేముందు మైకు మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. టక్, టక్. ఆ వెంటనే నేను ప్రకటించేదాన్ని: "దీవుల గౌరవ సభ్యులు మాట్లాడుతున్నారు." అలవాటైపోయి, టక్ టక్‌మంటే నిద్రలో కూడా అనేదాన్నట. మా ఆయన సాక్ష్యం.

ఆయన తెచ్చిన బిల్లు ఒక్కటే. దూరపు దీవులకు ఆసుపత్రి పడవ. అది ప్రవేశపెట్టిన రోజున ఆయన అన్న మాట నేను నా నోటితో అనాల్సి వచ్చింది: "నా కూతురు పురిటి నొప్పులతో రేవులో పడవ కోసం ఎదురుచూస్తూ పోయింది. నేను పక్కనే ఉన్నాను." నేను, నేను అంటూ చెప్పాను. ఒడిలో పాపకు పాలిస్తూ చెప్పాను. గొంతు వణకకూడదని రూలు. వణికింది. ప్రభుత్వం మాత్రం కుదరదంది.

ఆయన గొంతు నా హెడ్‌ఫోనులోంచి కాస్త బయటికి వచ్చేది కదా, పాప దాన్ని వినేది. టక్ టక్ అని వినగానే ఏడుపు ఆపి నవ్వేది. నా టేబులు పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసి మరీ నవ్వేది. ఎందుకు అటే చూసేదో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పే వయసు కాదు. చెప్తే వినే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు మిషను గురించి. కోవిడని ఆఫీసువాళ్ళు సరంజామా అంతా ఇంటికే పంపారు. టేబులు మీద ఒక నల్ల పెట్టె, కింద కాలితో తొక్కే పెడలు. ఒకసారి తొక్కితే మైకు తెరుచుకుంటుంది, మళ్ళీ తొక్కితే మూసుకుంటుంది. తెరిచి ఉంటే పెట్టె మీద చిన్న దీపం ఎర్రగా వెలుగుతుంది. గింజంత దీపం, కానీ సందెవేళ మా గదిలో అదొక్కటే ఎర్రగా మండుతూ, రెప్పవేయకుండా, ఉయ్యాలలో పాపనే చూసేది.

ఎదురు ఫ్లాటులో షమీమ్ అక్క ఉండేది. కడప మనిషి. మా అంతస్తులో కోవిడ్‌కు వెళ్ళిపోయినవాళ్ళు పోగా మిగిలింది మా రెండిళ్ళే. ఆమె ఒకరోజు గుమ్మంలో నిలబడి ఆ దీపాన్ని చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏమ్మా, అదేంది అట్ల గుడ్లురిమి చూస్తాండాది?"

"మిషన్ అక్కా. కొత్తది."

"కొత్త పని, కొత్త మిషను, చేతిలో పసిబిడ్డ. నజర్ తగలకుండా ఉంటాదా? ఒక కాటుక చుక్క పెట్టు దానికి."

చదువుకున్నదాన్ని. పెట్టకూడదు. కానీ బుగ్గన చుక్క పెట్టనిదే పాపను బాల్కనీలోకి కూడా తీసుకెళ్ళని మనిషిని. పెట్టాను. ఎక్కడ పెట్టాలి? కన్నున్నచోటే కదా దిష్టి. సరిగ్గా ఆ ఎర్ర కంటి మీదే పెట్టాను. మా అమ్మ పంపిన ఇంటి కాటుక అది. పూస్తే సూర్యుడైనా ఆరిపోవాల్సిందే. దీపం కనబడకపోయినా నాకేం, కాలికి లెక్క తెలుసు: ఒక తొక్కు తెరవడం, ఒక తొక్కు మూయడం.

రోగి కోరిందీ వైద్యుడు చెప్పిందీ ఒకటేనంటారు. నా నాశనం కోరిందీ నేను చేసిందీ ఒకటే.

కొన్నాళ్ళకు దీవుల సభ్యుడు పోయాడు. నిద్రలోనే పోయాడని సభలో చెప్తే నేనే అందరి చెవుల్లో ఆ మాట చెప్పాను. ఆ సాయంత్రం నుంచి పాప రోజూ సందెవేళకు ఏడుపు లంకించుకునేది. ఖాళీ కుర్చీ వైపు చేతులు చాచి ఏడ్చేది. డాక్టరు ఏమీ లేదన్నాడు. షమీమ్ అక్క "నేను చెప్పలా?" అన్నట్టు చూసింది.

పడవ బిల్లు ఓటుకు వచ్చిన రోజు. అక్కడ మధ్యాహ్నమే గానీ, ముసురు పట్టి సభంతా చీకటి. లాప్‌టాపులో చూస్తున్నాను. ఆయన కుర్చీలో తెల్లపూల దండ పెట్టారు. ముందున్న మిషనును ఎవరూ ముట్టుకోలేదు. ఇక్కడ మసీదులో సందెవేళ మగ్రిబ్ అజాన్ అయిపోయి గదిలో వెలుగు సన్నగిల్లుతోంది. పాప కింద నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది.

"దివంగత సభ్యుని స్మృతికి లేచి మౌనం పాటిద్దాం," అన్నారు సభాపతి.

అదే మాట నేనూ అని పెడలు తొక్కాను. మైకు మూసుకుంది. నేను కాలు తీయగానే పాప జరిగి, డైపరుతో సహా, సరిగ్గా ఆ పెడలు మీద కూర్చుంది. మైకు తెరుచుకుంది. దీపం వెలిగే ఉంటుంది. కాటుక కింద.

సభలో మౌనమంటే నాకు సెలవు. ఏ మాటా లేనప్పుడు చిలకకేం పని? ఈ కాస్త సమయంలో దిష్టి తీసేద్దామనుకున్నాను. హెడ్‌ఫోను మెడలోకి జార్చి, పాపను ఎడమ చంకలో ఎత్తుకున్నాను. అది రెండు గుప్పిళ్ళతో నా జుట్టు పట్టుకుని వేలాడింది. కుడి గుప్పిట్లో రాళ్ళుప్పు. తలచుట్టూ తిప్పుతూ, మా నాయనమ్మ చెప్పినట్టే, గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టాను.

"ఇరుగు దిష్టి... పొరుగు దిష్టి... ఊరి దిష్టి... వాడ దిష్టి... నా దిష్టి... నీ దిష్టి... పాపిష్టి కళ్ళ దిష్టి... పోవాలె... పోవాలె... థూ! థూ! థూ!"

అప్పుడు వినిపించింది. మెడలోని హెడ్‌ఫోనులోంచి.

టక్, టక్.

నా నోరు నన్ను అడగలేదు. "దీవుల గౌరవ సభ్యులు మాట్లాడుతున్నారు," అని ప్రకటించేసింది.

అన్నాకే గుర్తొచ్చింది, ఆయన పోయాడని. పాప ఏడుపు ఠక్కున ఆగింది. తెర మీద చూస్తే సభలో తలలన్నీ ఒకేసారి, గాలికి ఒరిగిన వరిచేనులా, ఖాళీ కుర్చీ వైపు తిరిగాయి.

అక్కడేం జరిగిందో నాకు తర్వాత తెలిసింది, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. మౌనానికి లేచేటప్పుడు అందరూ ఇయర్‌ఫోన్లు తీసి బల్లల మీద పెట్టారు. గోడలకు చెవులుంటాయంటారు, ఆ రోజు ఆ బల్లలకు నోళ్ళొచ్చాయి. ప్రతి బల్ల మీంచీ చీమల బారులా సన్నగా ఒక పసిబిడ్డ ఏడుపు, దాని వెనక ఒక ఆడగొంతు గుసగుస. అన్నిటికంటే గట్టిగా, ఖాళీ కుర్చీ ముందున్న మిషనులోంచి. దాని సౌండు తగ్గించాలని ఎవరికీ తోచలేదు. ఎవరికీ తెలియని భాషలో "పోవాలె... పోవాలె". ఆపైన ఉమ్మడం. ఆపైన, చనిపోయిన మనిషి మాట్లాడబోతున్నాడని శుభ్రమైన ఇంగ్లీషులో ప్రకటన.

నాకు ఇదేమీ తెలియదు. వాళ్ళ సభలో ఏదో దయ్యం దూరిందని భయపడి, భయపడుతూనే హెడ్‌ఫోను పెట్టుకుని, కంగారులో పెడలు తొక్కడం మరిచి, పనిలో పడ్డాను. మనం ఉద్యోగధర్మం తప్పే మనుషులం కాదుగా.

"ఎవరది?" అని ముందు వరుసలో ఒకాయన అరిచాడు.

"ఎవరది?" అన్నాను.

"బల్లలు మాట్లాడుతున్నాయి!"

"బల్లలు మాట్లాడుతున్నాయి!" అన్నాను, స్పష్టమైన ఉచ్చారణతో.

"అధ్యక్షా, మనమన్నదే అంటోంది!"

"అధ్యక్షా, మనమన్నదే అంటోంది!"

ఒక లావుపాటి మంత్రి బల్ల కిందికి దూరాడు. కాపలా అధికారి సభాపతి కుర్చీ వెనక్కి వెళ్ళాడు, ఆవిడను కాపాడటానికో, ఆవిడ కాపాడతారనో. టీచరమ్మ గంట కొట్టారు.

"నిశ్శబ్దం! ఇప్పుడు మాట్లాడుతున్నది రోజూ మన చెవుల్లో మాట్లాడే అమ్మాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి."

"మరి అంతకుముందు మాట్లాడింది?"

అప్పుడు లేచాడు ఒక లాయరు సభ్యుడు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్ అధ్యక్షా. దివంగత సభ్యుని స్థానం ఖాళీ అయినట్టు గెజిట్‌లో ఇంకా రాలేదు. చట్టం దృష్టిలో ఆయన ఇప్పటికీ సభ్యుడే. సభ్యుడు మాట్లాడుతుంటే అడ్డుపడటం మర్యాద కాదు."

"కానీ అది ఏ భాష?"

"పరలోకంలో ఏది అధికార భాషో మన నిబంధనల్లో లేదు అధ్యక్షా. మంచు గురించి మాత్రమే ఉంది."

"ఉమ్మాడు కూడా! మూడుసార్లు!"

"ఎవరి మీద?"

"పడవ బిల్లు వద్దన్నవాళ్ళ మీదే అయ్యుంటుంది."

ఆర్థిక మంత్రి జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఇదంతా నేను ఒక్కో వాక్యం, గదిలో చీకటి పడుతుంటే, గుప్పిట్లో ఉప్పు చెమటకు కరిగి మణికట్టు మీదికి కారుతుంటే, చెప్తూనే ఉన్నాను. లేచి లైటు వేద్దామంటే ఖాళీ కుర్చీ దాటి వెళ్ళాలి. వెళ్ళలేదు.

"అందరూ ఊపిరి బిగబట్టి వినండి," అన్నారు సభాపతి. "ఆయన ఇంకేమైనా చెప్పాలనుకుంటే చెప్పనిద్దాం."

అందరూ విన్నారు. నేనూ విన్నాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

పాప తుమ్మింది.

తెర మీద పార్లమెంటు మొత్తం ఎగిరిపడింది.

నేను పాప వైపు చూశాను. పాప మళ్ళీ తుమ్మింది. పార్లమెంటు మళ్ళీ ఎగిరిపడింది.

మౌనం తర్వాత నేను పెడలు తొక్కనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. నెమ్మదిగా, నాలుకతో ఒక్కసారి "ట్చ్" అన్నాను. బల్ల కిందినుంచి తల పైకెత్తబోయిన మంత్రి మళ్ళీ లోపలికి పోయాడు.

గోటితో కాటుక గీకాను. ఎర్రగా, రెప్పవేయకుండా, నావైపే చూస్తోంది.

దయ్యాలను చూసి భయపడ్డవాళ్ళుంటారు. తానే దయ్యమని తెలిసి భయపడ్డదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. అప్పుడేం చేయాలి? నిజం చెబుదామంటే సొంత మాట కలపకూడదు. మైకు మూస్తే ఓటు ఎవరికీ వినబడదు. మూయలేదు. పాప నోటికి రొమ్ము అందించి, బిల్లు పెడుతున్నామని, అనుకూలురు ఔననాలని, సభాపతి మాట తిరగజెప్పాను.

"ఔను!" అని పైకప్పు అదిరింది. ఆర్థిక మంత్రి గొంతు అందరికంటే పైన ఉంది.

"కాదనేవారు?"

ఎవరూ లేరు. అందరూ ఖాళీ కుర్చీ వైపే చూస్తున్నారు. పడవ బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది.

ఆ సాయంత్రం పాప చాలా రోజుల తర్వాత ఏడవకుండా నిద్రపోయింది. నేను ఏడ్చాను. శీను వచ్చి అంతా విని, నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకున్నాడు.

"ఎవ్వలకు చెప్పకు. లైన్ ఖరాబైందని చెప్పు. ఖలాస్."

"దొరికిపోతే?"

"దొరికితే ముసఫ్ఫాల పై బంకు గాలి మంచిగ కొడ్తదట," అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ, పడుకున్న పాప వేలు పట్టుకుని వదలలేదు.

మర్నాడు పొద్దున మా ముదీర్, అంటే మేనేజరు, మాథ్యూ సార్ ఫోను చేశాడు. మలయాళీ, పెద్దాయన, ఆడపిల్లలందరినీ వాళ్ళ భాషలో "మోళే", అంటే బిడ్డా, అంటాడు.

"మోళే, నిన్న సభలో ఏదో గొంతు వినిపించిందట. మన లైనులోనే వెళ్ళిందా?"

"లేదు సార్. లైనులో ఏదో గలాటా..."

సరిగ్గా అప్పుడే మా పాప, ఉత్త సాయంత్రాలే ఏడ్చే మా పాప, కన్నతల్లి అబద్ధమాడుతుంటే చూడలేకపోయిందో ఏమో, రాగం ఎత్తుకుంది.

మాథ్యూ సార్ నన్ను మధ్యలోనే ఆపాడు.

"మోళే. ఈ ఏడుపు నేను రికార్డింగులో విన్నాను."

ఇక దాచేదేముంది? కాటుక, డైపరు, ఉప్పు, ఉమ్ము, అన్నీ వరసగా ఒప్పుకున్నాను. ట్రయల్ గురించీ ముసఫ్ఫా బంకు గురించీ కూడా, అడక్కపోయినా చెప్పేశాను. అంతా విన్నాక ఆయన దగ్గాడు. దగ్గు కాదు, నవ్వు.

"అక్కడి సభాపతిగారు మాట్లాడారు. ఆ గొంతు గురించి విచారణ వద్దని సభ తీర్మానించిందట. బయటివాళ్ళదని తేలితే పిలిపించి శిక్షించాలి, పైగా భయపడి ఓటేశామని ఒప్పుకోవాలి. అందుకని 'అధ్యక్షుల అనుమతితో ఒక సభ్యుడు మాట్లాడారు' అని రాసుకున్నారు. మనల్ని ఒక్కటే అడిగారు."

"ఏంటి సార్?"

"గొంతు మార్చొద్దట. కొత్త గొంతు పెడితే సభ్యులు మళ్ళీ జడుసుకుంటారట. నీ ఉద్యోగం పక్కా. కాటుక మాత్రం పాపకే పెట్టు."

ఆయన ఫోను పెట్టబోతూ ఆగాడు.

"అంతా అర్థమైంది గానీ మోళే, ఆయనలా మైకు మీద రెండుసార్లు తట్టావెందుకు? అది మాత్రం ఎక్కువైంది."

"అదీ నేనే సార్," అన్నాను. "అలవాటు."

ఇన్ని నేరాలు నెత్తినేసుకున్నదాన్ని, ఆ ఒక్కటీ కాదంటే ఏం బాగుంటుంది?

షమీమ్ అక్కకు చెబితే, "నజర్ పోయిందా లేదా? ఇంకేం కావాల?" అంది. పడవ నీళ్ళలోకి దిగిన వార్తను ఆ తర్వాత నేనే సభలో అందరి చెవుల్లో చెప్పాను. పాప ఇప్పుడు "నాన్న" అంటే ఎదురుగా ఉన్న నాన్ననే అంటోంది. అన్నం కావాలంటే గిన్నె మీద స్పూనుతో రెండుసార్లు తడుతుంది.

కానీ మీరు లెక్క చూడండి. ఆ సాయంత్రం నా కుడి గుప్పిట్లో ఉప్పుంది. ఎడమ చంకలో పాప ఉంది. పాప రెండు చేతులూ నా జుట్టులో ఉన్నాయి. హెడ్‌ఫోనులోకి నా చప్పుళ్ళు రావు, సభలోవే వస్తాయి.

కాబట్టి సమస్త సభలకూ, సభాపతులకూ, సందెవేళ దేవతలకూ విన్నవించుకుంటూ ఈ రాత్రి ప్రమాణం చేస్తున్నాను. అధ్యక్షుల అనుమతి లేకుండా ఏ సభలోనూ దిష్టి తీయను. వెలిగే దేనికీ కాటుక పెట్టను. గౌరవ మంత్రుల చెవుల్లో ఉమ్మను. ఎవరైనా టక్ టక్‌మంటే, ఎవరది అని అడగను, వెనక్కి తిరిగి చూడను. పేరు ప్రకటించి, మైకు ఇచ్చేస్తాను.